క్లౌడ్‌లో భద్రతా ధ్రువపత్రాల స్వయంచాలక నిర్వహణ

క్లౌడ్‌లో భద్రతా ధ్రువపత్రాల స్వయంచాలక నిర్వహణ అనగా, అంతర్జాలములో సర్వర్ల గుర్తింపును నిర్ధారించే డిజిటల్ ధ్రువపత్రాలను కోరడం, పొందడం, సర్వర్లలో అమర్చడం, గడువు తీరకముందే కొత్తవి తెచ్చుకోవడం, అవసరమైనపుడు రద్దు చేయించడం అనే పనులను కంప్యూటరు ప్రోగ్రాముల ద్వారా జరిపించే పద్ధతి. ఈ ధ్రువపత్రాలను వాడుకలో సెక్యూరిటీ సర్టిఫికేట్లు, ఎస్ఎస్ఎల్ సర్టిఫికేట్లు, టీఎల్ఎస్ సర్టిఫికేట్లు అని అంటారు. వెబ్ చిరునామా "హెచ్‌టీటీపీఎస్" అని మొదలైతే ఆ సర్వరు ఇటువంటి ధ్రువపత్రాన్ని వాడుతున్నదని అర్థము.

ఒక సంస్థకు ఒకే సర్వరు, దానికి అయిదేళ్ళ ధ్రువపత్రము ఉన్న రోజులలో ఈ పనిని ఒక ఉద్యోగి క్యాలెండరులో తేదీ గుర్తు పెట్టుకొని చేయగలిగేవాడు. క్లౌడ్ వచ్చిన తరువాత ఒకే సంస్థకు వందల, వేల సర్వర్లు ఏర్పడినవి. వాటిలో అనేకం గంటలలో పుట్టి గంటలలో అంతరించేవి. మరొకవైపు ధ్రువపత్రాల గడువు సంవత్సరాల నుండి వారాలకు తగ్గుతూ వచ్చినది. ఈ రెండు కారణాల వలన స్వయంచాలక నిర్వహణ తప్పనిసరి అయినది.

ధ్రువపత్రములో ఏముంటుంది

మీసేవ కేంద్రములో ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రానికి విలువ కాగితము వలన రాదు. జారీచేసిన రెవిన్యూ అధికారి సంతకము వలన వస్తుంది. సర్వరు ధ్రువపత్రము తీరు కూడా ఇదే. ఇది ఎక్స్.509 అనే ప్రమాణము ప్రకారము తయారయ్యే చిన్న ఫైలు. ఈ ప్రమాణము తొలిసారి 1988లో వెలువడినది. ధ్రువపత్రములో ముఖ్యముగా ఈ వివరాలు ఉంటాయి.

* ఏ డొమైన్ పేరుకు లేదా పేర్లకు ఇది చెల్లుతుంది
* ఆ సర్వరుకు చెందిన పబ్లిక్ కీ
* జారీచేసిన ధ్రువీకరణ సంస్థ పేరు
* చెల్లుబాటు మొదలయ్యే, ముగిసే సమయాలు
* క్రమసంఖ్య, జారీచేసిన సంస్థ డిజిటల్ సంతకము

పబ్లిక్ కీ అందరికీ ఇవ్వదగినది. దానికి జతగా ఉండే ప్రైవేట్ కీ మాత్రము సర్వరు వద్దనే రహస్యముగా ఉండాలి. ప్రైవేట్ కీ తన వద్ద ఉన్నదని సర్వరు గణితపద్ధతిలో రుజువు చేసుకొంటేనే బ్రౌజరు దానిని నమ్ముతుంది. ఆ తరువాత ఇరువైపుల సమాచారము సంకేతరూపములోకి మారి ప్రయాణిస్తుంది. మధ్యలో ఎవరైనా దానిని పట్టుకొన్నా చదవలేరు.

ధ్రువీకరణ సంస్థను బ్రౌజరు ఎందుకు నమ్మాలి అన్నది తరువాతి ప్రశ్న. బ్రౌజర్లు, ఆపరేటింగ్ సిస్టములు కొన్ని సంస్థల మూల ధ్రువపత్రాల జాబితాను తమలో ఉంచుకొంటాయి. మూల ధ్రువపత్రము మధ్యస్థ ధ్రువపత్రానికి, అది సర్వరు ధ్రువపత్రానికి సంతకము చేస్తుంది. ఈ గొలుసులో ఒక్క కొక్కెము తెగినా నమ్మకము నిలువదు.

సాధారణ ధ్రువపత్రము "ఈ సర్వరు ఈ డొమైన్ పేరుకు చెందినదే" అని మాత్రమే చెబుతుంది. ఆ డొమైన్ యజమాని నిజాయితీపరుడని చెప్పదు. మోసగాడు కూడా తన సొంత డొమైనుకు సక్రమమైన ధ్రువపత్రము తెచ్చుకోగలడు. తాళము గుర్తును జనులు నిజాయితీకి గుర్తుగా పొరబడుతున్నందున క్రోమ్ బ్రౌజరు 2023లో ఆ గుర్తును తొలగించి వేరొక చిహ్నము పెట్టినది.

గడువు ఎందుకు ఉంటుంది

డొమైన్ పేర్లు చేతులు మారుతాయి. ప్రైవేట్ కీలు దొంగిలింపబడవచ్చు. గణితపద్ధతులు కాలక్రమములో బలహీనపడతాయి. అందువలన ఏ ధ్రువపత్రమూ శాశ్వతముగా చెల్లకూడదని నియమము. పొరపాటున ఇచ్చిన ధ్రువపత్రాన్ని గడువుకు ముందే రద్దు చేయవచ్చును. అయితే రద్దు సంగతి ప్రతి బ్రౌజరుకూ వెంటనే చేరుతుందన్న భరోసా లేదు. అందువలన గడువు తక్కువగా ఉండడమే మెరుగైన రక్షణ అని నిపుణులు భావించారు. దొంగ చేతికి చిక్కిన కీ అయిదేళ్ళు పనికివచ్చుటకూ, ఆరు వారాలు పనికివచ్చుటకూ తేడా చాలా ఉన్నది.

బహిరంగముగా వాడే సర్వరు ధ్రువపత్రాల గరిష్ఠ గడువు ఈ విధముగా తగ్గుతూ వచ్చినది. ఈ నియమాలను ధ్రువీకరణ సంస్థలు, బ్రౌజరు తయారీదారులు కలిసి ఏర్పరచుకొన్న సీఏ/బ్రౌజర్ ఫోరమ్, కొన్ని సందర్భాలలో బ్రౌజరు తయారీదారులు స్వయముగా నిర్ణయించినారు.

* 2012 నుండి: 60 నెలలు
* 2015 ఏప్రిల్ నుండి: 39 నెలలు
* 2018 మార్చి నుండి: 825 రోజులు
* 2020 సెప్టెంబరు 1 నుండి: 398 రోజులు
* 2026 మార్చి 15 నుండి: 200 రోజులు
* 2027 మార్చి 15 నుండి: 100 రోజులు
* 2029 మార్చి 15 నుండి: 47 రోజులు

చివరి మూడు మెట్లను యాపిల్ సంస్థ ప్రతిపాదించగా, ఫోరమ్ 2025 ఏప్రిల్‌లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదించినది. 2029 నుండి డొమైన్ యాజమాన్యపు పరిశీలనను కూడా పది రోజులకు మించి తిరిగి వాడుకోరాదు.

దీని భారము చిన్న లెక్కతో తెలుస్తుంది. 47 రోజుల ధ్రువపత్రాన్ని మూడింట రెండు వంతుల గడువు గడవగానే మార్చాలనుకొంటే, సుమారు 31 రోజులకు ఒకసారి, అనగా సంవత్సరానికి 12 సార్లు మార్చాలి. 50 ధ్రువపత్రాలున్న సంస్థ ఏటా 600 సార్లు ఈ పని చేయాలి. 398 రోజుల గడువు ఉన్నపుడు ఇదే పని సుమారు 70 సార్లతో ముగిసేది.

గడువు తీరితే జరిగేది

పూర్వపు కడప జిల్లా ఓబులవారిపల్లె మండలములోని మంగంపేట, బెరైటీస్ అని పిలిచే ముగ్గురాయి నిక్షేపాలకు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. చమురు బావులు తవ్వేటపుడు వాడే బురదకు బరువు చేర్చడానికి ఈ ఖనిజపు పొడి ఉపయోగపడుతుంది. ఇక్కడి గనులను ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ నిర్వహిస్తున్నది. పరిసరాలలో ముగ్గురాయిని పొడిచేసే మిల్లులు ఉన్నవి. ఖనిజము అమ్మకాలలో ఎలక్ట్రానిక్ టెండర్లు, వేలము పద్ధతులు వాడుకలోకి వచ్చినవి.

ఊహాత్మకమైన ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక వేలము మధ్యాహ్నము మూడు గంటలకు ముగియాలి. ఉదయము మిల్లు యజమాని వేలము పేజీ తెరువగానే, ఈ అనుసంధానము సురక్షితము కాదని బ్రౌజరు హెచ్చరించినది. కారణము ధ్రువపత్రము గడువు తెల్లవారుజామున తీరిపోవుటయే. ధ్రువపత్రములోని సమయము ప్రపంచ ప్రామాణిక కాలమానములో ఉంటుంది. భారత కాలమానము దానికన్నా అయిదున్నర గంటలు ముందు. అందువలన అర్ధరాత్రికి ఒక సెకను ముందు ముగిసే ధ్రువపత్రము ఇక్కడ మరునాటి ఉదయము 5 గంటల 29 నిమిషాల వరకు చెల్లి, కార్యాలయము తెరువక ముందే చెల్లకుండా పోతుంది.

ఇపుడు ఆ యజమాని ముందున్న రెండు దారులూ మంచివి కావు. హెచ్చరికను దాటి ముందుకు పోతే, ఎదుట ఉన్నది గడువు మరచిన అసలు సర్వరో, దానివలె నటిస్తున్న దొంగ సర్వరో తెలియదు. ఆగిపోతే ధర చెప్పే అవకాశము పోతుంది. మిల్లుకు రాయి, అక్కడి కూలీలకు పని ఆ మేరకు తగ్గుతాయి. హెచ్‌ఎస్‌టీఎస్ అనే నియమాన్ని పాటించే సైట్లలో హెచ్చరికను దాటే వీలు కూడా ఉండదు. ఇటువంటి హెచ్చరికలు తరచుగా ఎదురైతే జనులు వాటిని లెక్కచేయకుండా దాటివేయడానికి అలవాటు పడతారు. నిజమైన మోసము ఎదురైన నాడు ఆ అలవాటే వారిని దెబ్బతీస్తుంది.

ప్రపంచములోని పెద్ద సంస్థలు కూడా గడువు విషయములో ఇబ్బంది పడినవి.

* 2013 ఫిబ్రవరి 22న మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ సేవ అజూర్‌లో ధ్రువపత్రము గడువు తీరి, నిల్వ సేవ ప్రపంచవ్యాప్తముగా అంతరాయానికి లోనైనది.
* 2018 డిసెంబరు 6న ఎరిక్‌సన్ సాఫ్ట్‌వేరులోని ధ్రువపత్రము గడువు తీరినందున బ్రిటన్‌లో ఓ2 సంస్థ వినియోగదారులకు మొబైల్ ఇంటర్నెట్ నిలిచిపోయినది.
* 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఇదే కారణముతో కొన్ని గంటలు ఆగినది.

2017లో అమెరికాలోని ఈక్విఫ్యాక్స్ సంస్థలో జరిగినది ఇంకా తీవ్రమైనది. లోపలికి వచ్చే, బయటకు పోయే సమాచారాన్ని తనిఖీచేసే పరికరము ధ్రువపత్రము గడువు నెలల తరబడి తీరి ఉన్నది. ఆ పరికరము తనిఖీ చేయలేకపోయినది. ఈలోగా సుమారు 14.7 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు చోరీ అయినవి. జులై 29న కొత్త ధ్రువపత్రము అమర్చగానే అనుమానాస్పద రాకపోకలు బయటపడినవి.

యాక్మే విధానము

స్వయంచాలక నిర్వహణకు ప్రధాన ఆధారము యాక్మే అనే నియమావళి. "ఆటోమేటిక్ సర్టిఫికేట్ మేనేజ్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్" అనే పేరుకు ఇది పొట్టిరూపము. మొజిల్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, మిషిగన్ విశ్వవిద్యాలయములకు చెందినవారి చొరవతో ఏర్పడిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత ధ్రువీకరణ సేవ కొరకు దీనిని రూపొందించారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు 3న ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చినది. తొలినుండి 90 రోజుల ధ్రువపత్రాలనే ఇచ్చినది. ఆ గడువును 2028 నాటికి 45 రోజులకు తగ్గించనున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించినది. యాక్మే 2019 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 8555 అనే సంఖ్యతో అంతర్జాల ప్రమాణము అయినది.

యాక్మే పనిచేసే క్రమము ఇది.

1. సర్వరులోని ప్రోగ్రాము ధ్రువీకరణ సంస్థ వద్ద ఒక ఖాతా తెరచి, ఫలానా డొమైనుకు ధ్రువపత్రము కావాలని కోరుతుంది.
2. ఆ డొమైను నీ ఆధీనములో ఉన్నదని రుజువు చేయమని సంస్థ ఒక పరీక్ష పెడుతుంది.
3. ప్రోగ్రాము పరీక్షకు జవాబు సిద్ధము చేస్తుంది. సంస్థ స్వయముగా వచ్చి దానిని సరిచూస్తుంది.
4. ప్రోగ్రాము కొత్త కీల జతను తయారుచేసి, పబ్లిక్ కీని మాత్రము అభ్యర్థనతో పంపుతుంది. ప్రైవేట్ కీ సర్వరు దాటి పోదు.
5. సంస్థ ధ్రువపత్రముపై సంతకము చేసి పంపుతుంది.
6. ప్రోగ్రాము దానిని అమర్చి, వెబ్ సర్వరు కొత్త ధ్రువపత్రాన్ని చదివేటట్లు చేస్తుంది. గడువు దగ్గరపడగానే ఇదే వరుస తిరిగి మొదలవుతుంది.

పరీక్షలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది వెబ్ పరీక్ష: సంస్థ చెప్పిన గుర్తును సైటులో ఒక నిర్ణీత చిరునామా వద్ద ఉంచాలి. రెండవది డీఎన్ఎస్ పరీక్ష: ఆ గుర్తును డొమైన్ పేర్ల పట్టికలో ఒక నమోదుగా చేర్చాలి. ఒక డొమైన్ కింది ఉపడొమైన్లన్నిటికీ కలిపి ఒకే ధ్రువపత్రము లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుండి కావాలంటే డీఎన్ఎస్ పరీక్షే మార్గము. ఆ సౌకర్యము 2018 మార్చి నుండి ఉన్నది.

క్లౌడ్ సేవలలో

అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ సర్టిఫికేట్ మేనేజర్ అనే సేవను 2016 జనవరిలో ప్రారంభించినది. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాదులో తన డేటా కేంద్రాల సముదాయాన్ని ప్రారంభించినది. ఆ సంస్థ లోడ్ బ్యాలెన్సరు వంటి సేవలలో వాడే ధ్రువపత్రాలను ఈ మేనేజర్ తానే తెచ్చి, అమర్చి, గడువు లోపల మారుస్తుంది. ఇందుకు షరతులు ఉన్నవి. ధ్రువపత్రము వాడుకలో ఉండాలి. డీఎన్ఎస్‌లో మొదట చేర్చిన నమోదు చెక్కుచెదరకుండా ఉండాలి. బయటినుండి తెచ్చి చేర్చిన ధ్రువపత్రాలను మార్చే బాధ్యత యజమానిదే. అజూర్, గూగుల్ క్లౌడ్ కూడా ఇటువంటి సేవలను ఇస్తున్నవి.

సొంతముగా సర్వర్లు నడిపేవారికి ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాము ఉన్నది. కుబర్నెటిస్ అనే వ్యవస్థలో సర్ట్-మేనేజర్ అనే ఉపకరణము విరివిగా వాడుకలో ఉన్నది. ఇది సాధారణముగా మూడింట రెండు వంతుల గడువు గడవగానే కొత్త ధ్రువపత్రము కోరుతుంది. మొదటి ప్రయత్నము విఫలమైనా మరల ప్రయత్నించడానికి మిగిలిన మూడవ వంతు ఉపయోగపడుతుంది.

గడువు తీరక ముందే ధ్రువపత్రాలు మార్చవలసిన సందర్భాలూ ఉంటాయి. తన సాఫ్ట్‌వేరులో ఒక లోపాన్ని కనుగొన్న లెట్స్ ఎన్‌క్రిప్ట్, 2020 మార్చిలో 30 లక్షలకు పైగా ధ్రువపత్రాలను రద్దుచేయవలసి ఉన్నదని ప్రకటించినది. రెండు రోజులలో 17 లక్షలకు పైగా మారినవి. మిగిలినవాటిలో అనేకము వాడుకలో ఉన్నందున వాటి రద్దును ఆ గడువులో పూర్తి చేయలేదు. ఇటువంటి సందర్భాల కొరకు, ఎపుడు మార్చుకోవాలో ధ్రువీకరణ సంస్థే ప్రోగ్రాముకు తెలియజేసే పద్ధతిని తరువాత రూపొందించి 2025లో ప్రమాణముగా ప్రకటించారు.

భారతదేశములో, తెలుగు రాష్ట్రాలలో

భారతదేశములో డిజిటల్ సంతకాలకు చట్టబద్ధత 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టము ద్వారా లభించినది. ఈ చట్టము కింద ధ్రువీకరణ సంస్థల నియంత్రణాధికారి ఇతర సంస్థలకు అనుమతులు ఇస్తారు. భారతీయ రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అటువంటి అనుమతి పొంది, బ్యాంకుల మధ్య చెల్లింపుల సందేశాలకు వాడే ధ్రువపత్రాలను జారీచేసినది.

ఇదే ఐడీఆర్‌బీటీకి 2025లో "బ్యాంక్.ఇన్" డొమైన్ పేర్లను నమోదుచేసే బాధ్యత కూడా అప్పగింపబడినది. బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోగా ఈ డొమైనుకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ధ్రువపత్రము పేరుకు కట్టుబడి ఉంటుంది కనుక, పేరు మారిన ప్రతి సేవకు కొత్త పేరుతో ధ్రువపత్రము కావలసి వచ్చినది.

జారీచేసే సంస్థ వద్దనే లోపము జరిగితే ఎంత ప్రమాదమో 2014లో భారతదేశములో తెలిసినది. ఆ సంవత్సరము జులైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ధ్రువీకరణ విభాగము నుండి గూగుల్ డొమైన్లకు అనధికార ధ్రువపత్రాలు వెలువడినట్లు గూగుల్ గుర్తించినది. నియంత్రణాధికారి ఆ విభాగపు మధ్యస్థ ధ్రువపత్రాలను మరునాడే రద్దుచేశారు. మైక్రోసాఫ్ట్ మూల జాబితాలో భారత ప్రభుత్వ మూల ధ్రువపత్రము ఉన్నందున విండోస్‌లో పనిచేసే అనేక ప్రోగ్రాములు ఆ నకిలీలను నమ్మే అవకాశము ఉండినది. క్రోమ్ ఆ మూల ధ్రువపత్రాన్ని కొన్ని భారతీయ డొమైన్లకు మాత్రమే పరిమితము చేసినది. ఇటువంటి ఘటనలు బయటపడేందుకు, జారీ అయిన ప్రతి ధ్రువపత్రాన్ని బహిరంగ పట్టికలలో నమోదుచేసే పద్ధతి వచ్చినది. 2018 ఏప్రిల్ తరువాత జారీ అయినవాటికి క్రోమ్ దీనిని తప్పనిసరి చేసినది. తన డొమైన్ పేరుతో ఎవరు ధ్రువపత్రము పొందినారో నేడు ఎవరైనా ఆ పట్టికలలో చూసుకోవచ్చును.

సర్వరు ధ్రువపత్రానికీ, వ్యక్తుల డిజిటల్ సంతకపు ధ్రువపత్రానికీ తేడా గమనించాలి. టెండర్లు వేసే వర్తకులు చిన్న యూఎస్‌బీ టోకెనులో ఉంచుకొనేది రెండవది. దానికి దరఖాస్తుదారుని గుర్తింపు పరిశీలన అవసరము. అందువలన మనిషి ప్రమేయము లేకుండా అది యాక్మే ద్వారా మారదు. పైన చెప్పిన మిల్లు యజమాని విషయములో ఈ రెండు గడువులూ పనిచేస్తాయి. సర్వరు గడువును నిర్వాహకుల ప్రోగ్రాము చూసుకోగలదు. తన టోకెను గడువును ఆయన తానే చూసుకోవాలి.

స్వయంచాలనకు ఉన్న హద్దులు

స్వయంచాలన వలన బాధ్యత పోదు. అది ఉండే చోటు మారుతుంది. పూర్వము తేదీ గుర్తుంచుకోవడము నిర్వాహకుని పని. ఇపుడు ప్రోగ్రాము పనిచేస్తున్నదో లేదో గమనించడము అతని పని. ముఖ్యమైన జాగ్రత్తలు ఇవి.

* జాబితా: సంస్థకు ఉన్న ధ్రువపత్రాలన్నిటి పట్టిక ఉండాలి. జాబితాలో లేని ధ్రువపత్రాన్ని ఏ ప్రోగ్రామూ మార్చదు.
* బయటినుండి పరిశీలన: కొత్త ధ్రువపత్రము ఫైలు వచ్చినా, వెబ్ సర్వరు దానిని చదవక పాతదే చూపుతూ ఉండవచ్చును. అందువలన వాడుకరి చూసే పేజీని బయటినుండి రోజూ పరీక్షించాలి. గడువు గురించి ఈమెయిలు హెచ్చరికలు పంపడాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో నిలిపివేసినది కనుక ఈ ఏర్పాటు యజమానే చేసుకోవాలి.
* అధికారాల పరిమితి: డీఎన్ఎస్‌ను మార్చే తాళపుచెవి ప్రోగ్రాము వద్ద ఉంటే, దానిని దొంగిలించినవాడు ఆ డొమైనుకు ధ్రువపత్రము పొందగలడు. పరీక్షకు అవసరమైన నమోదు వరకే ఆ అధికారము ఇవ్వాలి.
* సీఏఏ నమోదు: తన డొమైనుకు ఏ సంస్థలు ధ్రువపత్రము ఇవ్వవచ్చునో యజమాని డీఎన్ఎస్‌లో ప్రకటించవచ్చును. ధ్రువీకరణ సంస్థలు దీనిని తప్పక చూడాలన్న నియమము 2017 సెప్టెంబరు నుండి అమలులో ఉన్నది.
* ప్రత్యామ్నాయము: ఒక ధ్రువీకరణ సంస్థ సేవ నిలిచిపోయినా, దానిపై నమ్మకము తొలగినా, రెండవ సంస్థకు మారే ఏర్పాటు ముందే పరీక్షించి ఉంచుకోవాలి.
* బాధ్యుడైన మనిషి: ప్రోగ్రాము విఫలమైనపుడు వచ్చే సందేశము ఎవరికి చేరాలో నిర్ణయించి ఉండాలి. ఆ ఉద్యోగి బదిలీ అయినా, విరమణ పొందినా, సందేశము తరువాతివారికి చేరేటట్లు చూడాలి.

చిన్న సంస్థలు, పంచాయతీలు, పాఠశాలలు తమ సైట్లను తరచుగా ఇతరులకు అప్పగించి నడిపిస్తుంటాయి. అటువంటివారు ధ్రువపత్రము ఎవరి పేర ఉన్నది, అది తనంతట తాను మారుతుందా, మారకపోతే ఎవరికి తెలుస్తుంది అనే మూడు ప్రశ్నలకు ఒప్పందములోనే జవాబు రాయించుకోవడము మంచిది.